ఆకాశగంగా కేంద్రాన్వేషణము – 3: ఇసుక గుంటకు చిక్కిన ధనూరాశి

గడచిన భాగమున మనము 1944 వఱకు వచ్చి ఆగితిమి. సముద్రము మీదుగా సాగు టెలిఫోను సంభాషణలకు అడ్డుతగులు గరగర ధ్వని ఎక్కడినుండి పుట్టుచున్నదో తెలిసికొనుటకై బెల్ కంపెనీచే నియుక్తుడైన కార్ల్ జాన్‌స్కీ, న్యూజెర్సీలోని హోమ్‌డెల్ పొలములలో ఫోర్డు కారు చక్రములపై తిరుగు ఆంటెనాను నిలిపి, ఆ ధ్వనిలో ఒక భాగము దినమునకు నాలుగు నిమిషముల చొప్పున ముందుకు జరుగుచుండుట గమనించి, అది సూర్యునిది కాదనియు, నక్షత్రములతోపాటు ఉదయించి అస్తమించుచు ధనూరాశి దిక్కునుండి వచ్చునదనియు 1933లో ప్రకటించుటయు. వృత్తిజ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఆ వార్తను పత్రికలో చదివి మడిచి పెట్టుటయు. ఇల్లినాయ్ రాష్ట్రమున వీటన్ అను ఊర గ్రోట్ రీబర్ తన సొంత ధనముతో ఇంటి ప్రక్కనే 31 అడుగుల డిష్‌ను కట్టి, రాత్రులు మేల్కొని, ఆకాశపు తొలి రేడియో పటములను అచ్చు వేయించుటయు చెప్పుకొంటిమి.

రీబర్ పటమున ధనూరాశి వైపు ఒక దట్టమైన ఉబ్బు కనబడెను. అంతకు మించి అందులో చదువదగినది లేదు. అతని డిష్ చూపు సుమారు 12 డిగ్రీల వెడల్పు గలది. అనగా ఇరువది నాలుగు పూర్ణచంద్రులను ప్రక్కప్రక్కన పేర్చినంత ప్రదేశమును ఒకే చుక్కగా చూచునది. అట్టి చూపుతో ఆకాశగంగ నడిబొడ్డు ఎక్కడనున్నదో నిర్ణయింప బూనుట సాధ్యమగు పని కాదు.

నడిబొడ్డు ఆ వైపుననే యున్నదని మాత్రము రేడియో పుట్టకముందే తెలియును. హార్లో షాప్లీ 1918 ప్రాంతమున, గుండ్రని నక్షత్రగుచ్ఛములు ఆకాశమంతట సమముగా చల్లబడక ధనూరాశి చుట్టును మూగియుండుట చూచి, మన సూర్యుడు ఆకాశగంగకు నాయకుడు కాడు, దూరపు శివారులలోని ఒక సామాన్య గృహస్థుడని తేల్చెను. ఆ కేంద్రమును కంటితో చూతమన్నచో దారిపొడుగునను వ్యోమధూళి యడ్డము. అచ్చటినుండి బయలుదేరిన దృశ్యకాంతిలో లక్షకోట్ల పాళ్ళకు ఒక్క పాలు మాత్రమే మనవఱకు వచ్చి చేరును. యుద్ధకాలమున మౌంట్ విల్సన్ శిఖరముపై 100 అంగుళముల దుర్బినితో పనిచేసిన వాల్టర్ బాడే పట్టు విడువక ఆ ధూళితెరలో సందులు వెదకి, కేంద్రమునకు నాలుగు డిగ్రీల దూరమున ఒక పలుచని చోటు కనుగొని, దానిగుండా అచ్చటి నక్షత్రములను లెక్కించెనే కాని, కేంద్రము మాత్రము అతనికిని దొరకలేదు. ఈ బాడే మహాశయుడు మన కథలోనికి మరల వచ్చును; పాఠకులు ఆయన పేరు జ్ఞాపకముంచుకొందురు గాక.

ధూళిని లెక్కసేయక దూసికొనిపోవు శక్తి రేడియో తరంగములకు కలదు. కాని తరంగమెట్టిదైనను, చూడదలచిన వస్తువు క్షితిజముపైకి వచ్చి నిలువవలెను గదా! మన తెలుగునాట ఆషాఢ శ్రావణముల రాత్రులలో మబ్బు విడిచినప్పుడు దక్షిణమున వృశ్చికపు కొండియయందు మూలానక్షత్రము కానవచ్చును. దానికి ఉత్తరముగా ఎనిమిది డిగ్రీల దూరమున, ఇంచుక తూర్పునకు ఒరిగి ఆకాశగంగా కేంద్రమున్నది. మనకది దిగంతమునకును నడినెత్తికిని సగము దారిలో నిలుచును. ఆనాటి రేడియో శాస్త్రమునకు పుట్టినిండ్లయిన ఇంగ్లండునను హాలండునను అది దక్షిణ దిగంతముపై తొమ్మిది డిగ్రీలకు మించి లేవదు. ఇంటికప్పులును చెట్లకొమ్మలును దాటకమునుపే వాలిపోవును. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునకో, అది ఇంచుమించు నడినెత్తిననే నడచును. నడినెత్తికి తప్పునది ఐదు డిగ్రీలే. సిడ్నీవారి విజయమునకు మొదటి కారణము ఈ అక్షాంశమే యని నా తలంపు. వారి బుద్ధికుశలతను తక్కువ చేయుటకు కాదు, ప్రకృతి వారి పక్షమున వేసిన మొదటి పాచికను మరువకుండుటకే ఈ మాట చెప్పుచున్నాను.

రెండవ కారణము యుద్ధము. జపాను విమానములను పసిగట్టుటకై రాడారు నేర్చిన యువకులు, ఆ రాడారు పరికరముల గుట్టలు, 1945లో ఒక్కసారిగా పని లేనివాయెను. సిడ్నీ విశ్వవిద్యాలయపు ఆవరణమున నెలకొన్న రేడియోఫిజిక్స్ శాఖ మాత్రము ఆ మనుష్యులను చెదరనీయలేదు. దాని అధిపతి వేల్సు దేశీయుడగు ఇ. జి. బోవెన్, ఆకాశపు రేడియో పరిశోధనకు పెద్దదిక్కు జోసెఫ్ పాసీ. నగరము చుట్టును కొండచరియలపైనను, పొలములలోను, చెఱువుగట్లపైనను చిన్న చిన్న క్షేత్రకేంద్రములు వెలసెను. ఒక్కొక్క కేంద్రమున ఇద్దరో నలుగురో పరిశోధకులు, ఒక పాత సైనికపు కొట్టము, తామే అతికించుకొన్న పరికరములు; నెలకొకమారో రెండుమారులో పాసీ వచ్చి చూచి, ప్రశ్నలడిగి, సలహా చెప్పి పోవుట. ప్రతి గుంపునకును తన పొలిమేర తనది. ఒకరి పొలిమేరలో వేరొకరు కాలుపెట్టిన చిఱ్ఱుబుఱ్ఱులాడుటయు కద్దు.

నగరమునకు పడమటగా పాట్స్ హిల్ అను చోట సిడ్నీ ప్రజల త్రాగునీటి జలాశయములు కలవు. వాని గట్టున ఉన్న కేంద్రమున జాక్ పిడింగ్టన్, హ్యారీ మినెట్ అను ఇరువురు పనిచేయుచుండిరి. వీరంతకుముందే చంద్రుని రేడియో ఉష్ణమును కొలిచి, అది పూర్ణిమనాడు గాక పూర్ణిమ గడచిన మూడున్నర దినములకు ఉచ్చస్థాయికి వచ్చుచుండుట పట్టుకొని, చంద్రుని ఉపరితలమున పలుచని ధూళిపొర యుండవలెనని ఊహించినవారు. మనుష్యుడు అచ్చట అడుగుపెట్టుటకు ఇరువది యేండ్ల ముందటి మాట యిది. వారిచేతికి వచ్చిన ఆయుధము యుద్ధకాలపు ప్రయోగ రాడారునకై చేసిన 16 అడుగుల అడ్డము, 18 అడుగుల నిలువు గల పరావలయ ప్రతిఫలకము. తక్కినవారు మీటరు మొదలు పదునైదు మీటర్ల వఱకు పొడవుగల తరంగములతో కుస్తీపట్టుచుండగా, వీరు 1210 మెగాసైకిళ్ళ యొద్ద, అనగా 25 సెంటీమీటర్ల తరంగమున చూచిరి. తరంగము పొట్టిదైనకొలది చూపు సన్నబడును. వీరి చూపు మూడు డిగ్రీల లోపునకు వచ్చెను.

ఆ రోజులలో ఆకాశమును సర్వే చేయుట యెట్టి పనియో కొంచెము దగ్గఱగా చూతము. డిష్‌ను ఒక ఎత్తున బిగించి వదలివేయుదురు. భూమి తిరుగుచుండగా ఆకాశము దాని యెదుట జరిగిపోవును. కొట్టములో వాల్వుల వేడిమికి ఉక్కబోయుచుండ, కాగితపు చుట్ట మెల్లగా విప్పుకొనుచు, దానిపై సిరాకలము ఒక గీత గీయుచుండును. ఆ గీతలో ముప్పాతిక పాలు పరికరపు సొంత గొణుగుడే. ఎప్పుడో ఒక మూల, రేడియో తరంగములను వెలువరించు బలమైన జనకస్థానము చూపునకు అడ్డువచ్చినప్పుడు, పావుగంట కాలములో కలము పైకి లేచి మరల దిగును. మరునాడు నాలుగు నిమిషములు ముందుగా అదే మిట్ట అదే చోట వచ్చినచో నక్షత్రలోకపుది; రాకపోయినచో ప్రక్క వీథిలో ఎవరి మోటారుబండిదో. పిమ్మట డిష్‌ను ఒక పిసరు వంచి, మరియొక అడ్డుగీత. ఇట్లు గీతపై గీత పేర్చుకొని, సమాన తీవ్రత గల బిందువులను కలిపి, కొండల ఎత్తును చూపు పటమువలె ఆకాశపటము వ్రాయవలెను.

అట్లు వ్రాసిన పటమున ధనూరాశిలో, రీబర్ చూచిన విశాలమైన ఉబ్బు నడుమ, విడిగా, మిక్కిలి ప్రబలమైన జనకస్థానమొకటి తేలెను. 1951లో వారు దానిని ప్రకటించిరి. అది కేంద్రపు దిక్కునకు సమీపముననే యున్నదనియు గుర్తించిరి. అయినను ఆ ప్రకటన పెద్ద సందడి చేయలేదు. ఆ సంవత్సరము రేడియో శాస్త్రజ్ఞుల చెవులన్నియు మరొక వార్తవైపు తిరిగియుండెను: హైడ్రోజను పరమాణువు 21 సెంటీమీటర్ల యొద్ద పలుకు పలుకును మార్చి నెలలో హార్వర్డున యూఎన్, పర్సెల్ వినిరి, మే నెలలో హాలండువారు వినిరి, ఈ పాట్స్ హిల్ గట్టుననే క్రిస్టియన్‌సెన్, హిండ్‌మన్ హుటాహుటి పరికరము కట్టి ఆ రెంటిని ధ్రువపఱచిరి. అట్టి కోలాహలమున ధనూరాశిలో ఒక కొత్త మిట్ట కనబడెనన్న మాట ఎవరికి పట్టును?

పాట్స్ హిల్‌ను దాటిపోకముందు రెండు మాటలు. సూర్యుని రేడియో విస్ఫోటములను పరిశోధించుటలో అగ్రశ్రేణికి చెందిన రూబీ పేన్-స్కాట్ అను విదుషీమణి ఇచ్చటనే పనిచేయుచుండెను. వివాహిత స్త్రీకి ప్రభుత్వమున స్థిరోద్యోగము తగదను ఆనాటి నిబంధనమునకు వెఱచి ఆమె 1944లో జరిగిన తన పెండ్లిని దాచుకొనవలసివచ్చెను. 1950లో అది బయటపడగా స్థిరోద్యోగము పోయెను. మరుసటి సంవత్సరము ప్రసవమునకు ముందు ఆమె కొలువు విడిచిపోయెను. విశ్వరహస్యములను గాలించు శాఖ ఒక గృహిణి పుస్తెలను గాలించుటకు కూడ తీరిక చేసికొనెనని వ్రాయుటకు నాకు కష్టముగా నున్నది. రెండవ మాట మనదేశమునకు సంబంధించినది. 1953లో కొలంబో ప్రణాళిక క్రింద గోవింద్ స్వరూప్, ఆర్. పార్థసారథి అను భారతీయ యువకులు ఈ గట్టుకే శిక్షణకై వచ్చి, క్రిస్టియన్‌సెన్ నిలిపిన 32 చిన్న డిష్‌ల వరుసతో సూర్యుని పరిశీలించిరి. పని తీరి పాతసామానుగా పోనున్న ఆ డిష్‌లను స్వరూప్ అడిగి మనదేశమునకు దానముగా పొందెను. అవి సముద్రము దాటి వచ్చి, తుదకు 1965లో బొంబాయి సమీపమున కల్యాణ్‌లో ఆకాశమువైపు ముఖమెత్తెను. భారతీయ రేడియో ఖగోళమునకు అక్షరాభ్యాసము ఆ పాత డిష్‌లపైననే జరిగినది.

ఇక నగరమునకు తూర్పున, టాస్మన్ సముద్రమునకు ఎదురుగా నిటారుగా నిలిచిన కొండయంచుపై డోవర్ హైట్స్ కేంద్రము. యుద్ధకాలమున ఇది తీరరక్షక రాడారు స్థావరము. ఇచ్చటి నాయకుడు జాన్ బోల్టన్. ఇంగ్లండున షెఫీల్డులో పుట్టి, బ్రిటిషు నౌకాదళమున రాడారు అధికారిగా పనిచేసి, యుద్ధాంతమున సిడ్నీలో దిగి అక్కడనే నిలిచిపోయినవాడు. మనిషి చుఱుకు, మాట కటువు, ఒకరి క్రింద అణగియుండు స్వభావము కాదు. అతని సహచరులు న్యూజీలండు వాడగు గోర్డన్ స్టాన్లీ, వాయుసేన రాడారుపై పనిచేయుచు సూర్యుని రేడియో ధ్వనిని తనంత తానే కనుగొనిన బ్రూస్ స్లీ. సముద్రముపైనుండి ఉదయించు జనకస్థానపు తరంగము నేరుగా ఒకటి, నీటిపై ప్రతిఫలించి ఒకటి ఆంటెనాను చేరి ఒకదానితో నొకటి పెనగులాడగా పుట్టు చారలను కొలిచి వీరు 1949 నాటికి వృషభరాశి, కన్యారాశి మొదలగువానిలోని జనకస్థానములకు కంటికి కానవచ్చు వస్తువులతో సంబంధము కూర్చిరి. రాశి పేరునకు ఎ, బి అను అక్షరములు చేర్చి పిలుచు వాడుక వీరు నెలకొల్పినదే.

కాని ఆ సముద్రపు ఉపాయము సూక్ష్మమైన జనకస్థానములకే పనికివచ్చును. ఆకాశగంగవలె విరివిగా పఱచుకొన్న కాంతిపై దానికి పట్టు లేదు. పెద్ద డిష్ కావలెను. డిష్‌కు ధనము కావలెను. ధనమునకు పై అధికారుల అంగీకారము కావలెను. బోల్టన్ ఆ మూడవదానిని అడుగుట మానివేసెను. కొండయంచుపైని ఆ నేల ఇసుకనేల. 1951లో అతడును, స్లీ, స్టాన్లీ, కెవిన్ వెస్ట్‌ఫోల్డ్ మొదలగువారును మధ్యాహ్న భోజనపు విరామములలో పారలును తోపుడుబండియు పట్టుకొని, మూడు నెలలపాటు ఆ ఇసుకను త్రవ్వి, 72 అడుగుల వ్యాసము గల పరావలయాకారపు గుంట తీర్చిరి. సామానుపెట్టెలకు చుట్టివచ్చు ఉక్కుపట్టీలను కూడబెట్టి గుంట లోపల పఱచిరి. నడుమ ఒక స్తంభము, దాని కొసన ఆంటెనా. పాసీకి ఈ సంగతి తెలిసినది అంతయు ముగిసి, పనిచేయుట ఆరంభించిన పిమ్మటనే!

ఇట్టి దుర్బినికి మెడ తిరుగదు. అది ఎల్లప్పుడును నడినెత్తినే చూచును. స్తంభమును ఇటునటు వాల్చినచో చూపు పదునాఱు డిగ్రీల వఱకు ఉత్తర దక్షిణములకు జరుగును, అంతే. వేరొక దేశమున నైనచో ఇది పెద్ద లోపము. సిడ్నీలో మాత్రము, ఇంతకుముందు చెప్పినట్లు, ఆకాశగంగా కేంద్రము ప్రతిదినమును తానుగా నడచివచ్చి ఆ గుంట మీదుగా పోవును. త్రవ్విన గుంటకు తగినట్లు విశ్వమే అమర్చిపెట్టెనా యనిపించు సందర్భమిది.

తొలి ఫలితములు చూచి పాసీ కోపగింపక, మెచ్చి, గుంటను బాగుచేయుటకు ధనమిచ్చెను. ఆయన పెద్దఱికమునకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు. 1953లో అది 80 అడుగులకు విస్తరింపబడి, లోపల కాంక్రీటు పోతయు దానిపై తీగెవలయు పఱవబడెను. 400 మెగాసైకిళ్ళ యొద్ద, అనగా 75 సెంటీమీటర్ల తరంగమున దాని చూపు రెండు డిగ్రీలు. ఆ వేళకు బోల్టన్ మనస్సు విఱిగియుండెను. తాను కోరిన దారిలో పెద్ద పరికరము వచ్చు ఆశ లేక అతడు మేఘములపై పరిశోధనచేసి వాన కురిపించు యత్నముచేయు శాఖకు మారిపోయెను. గుంటతో ఆకాశమును గీతగీతగా దున్నిన భారము రిచర్డ్ మెక్‌గీ, స్లీ, స్టాన్లీలపై బడెను. దక్షిణ క్రాంతి 17 డిగ్రీలనుండి 49 డిగ్రీల వఱకు వారు సర్వే సాగించిరి. పటము వ్రాసి చూడగా, ధనూరాశిలో సమతీవ్రతా రేఖలు ఒకదానిలో నొకటి ఇమిడి, బిగుసుకొని, ఒక్కచోట శిఖరము కట్టెను. అది పిడింగ్టన్, మినెట్ చూచిన చోటే.

పాసీ ఈ పటపు సంగతి అమెరికాలోని బాడేకు వ్రాసెను. పదేండ్లుగా ధూళిలో తడవుకొన్న ఆ వృద్ధుడు దాని అర్థము తోచినంతనే కుర్చీనుండి ఎగిరి లేచితిననియు, మీరు పట్టినది మన ఆకాశగంగ కేంద్రకమే యనుటకు తనకు లేశమును సందేహము లేదనియు బదులు వ్రాసెను. అంతటివాడు అంత గట్టిగా పలికినను, 1954లో మెక్‌గీ, బోల్టన్ ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన చిన్న వ్యాసపు శీర్షికలో ‘బహుశః’ అను అర్థమిచ్చు మాట చేర్చుట మానలేదు. ఆ జాగరూకత వ్యర్థము కాదు. దారిలో ఎక్కడనో అడ్డుపడిన వేడి వాయుమేఘము కూడ అట్లే కనబడవచ్చును. రేడియో తరంగము తాను ఎంత దూరమునుండి వచ్చితినో చెప్పదు. పైగా ఈ శిఖరము ఆనాటి పంచాంగములు ఆకాశగంగకు గీసిన మధ్యరేఖపై లేదు, దానికి దాదాపు ఒకటిన్నర డిగ్రీలు తప్పియున్నది. రాజు సింహాసనముపై గాక మెట్లపై కూర్చుండినట్లున్న ఈ వింతకు సమాధానము కావలసియుండెను.

కనుగొన్న కీర్తి ఎవరికి చెందవలెనను తగవు మొన్నమొన్నటి వఱకును ఉన్నది. గుంటలోనుండి చూచినవారి వ్యాసమే చిరకాలము ఎక్కువమంది నోట నానినది. పాట్స్ హిల్ జంట పేరు వెనుకబడినది. నా మట్టుకు నేను మొదటి తాంబూలము పిడింగ్టన్, మినెట్‌లకే ఇత్తును. మూడేండ్లు ముందుగా, అంతకన్న చిన్న పరికరముతో, ఆ జనకస్థానమును నేపథ్యమునుండి వేఱుచేసి చూపినవారు వారు. మెక్‌గీ, బోల్టన్‌లు చేసినది మరొక పని: దానిని కేంద్రమని బాహాటముగా ప్రతిపాదించి, జ్యోతిశ్శాస్త్రజ్ఞులను తలయెత్తి చూచునట్లు చేయుట. డోవర్ హైట్స్ వాడుకను బట్టి దానికి స్థిరపడిన పేరు ‘సాజిటేరియస్ ఎ’.

గుంటకు ఆయుస్సు తీరెను. 1954లో డోవర్ హైట్స్ కేంద్రము మూతపడెను. బోల్టన్, స్టాన్లీలు మరుసటి సంవత్సరము కాలిఫోర్నియాకు పోయి ఓవెన్స్ లోయలో పెద్ద డిష్‌ల నిర్మాణమునకు పూనుకొనిరి. బోల్టన్ పార్క్స్ మహా రేడియో దుర్బినికి అధిపతియై తిరిగి ఆస్ట్రేలియా చేరుట ముందు చెప్పుకొనవలసిన కథ. గుంటను పూడ్చివేసిరి. ఇప్పుడచ్చట ఆటమైదానము.

సిడ్నీవారు ఇట్లు చెదరిపోవుచున్న వేళ హాలండున యాన్ ఊర్ట్ తన సైన్యమును కూర్చుకొనుచుండెను. జర్మను సేనలు విడిచిపోయిన రాడారు డిష్ ఒకటి, అగ్నిప్రమాదమున కాలిపోయిన గ్రాహకయంత్రము, దాని స్థానమున మరల కట్టిన మరొకటి. ఇంతటి సామగ్రితో ఆరంభించి వారు 1956లో డ్వింగలో అను చోట 25 మీటర్ల డిష్‌ను లేవనెత్తిరి. దిగంతమునకు తొమ్మిది డిగ్రీల ఎత్తుననే కనబడు కేంద్రముపై ఆ ఉత్తరాదివారు ఏ ఉపాయముతో గుఱిపెట్టిరో, మనవైపు సెకనుకు 53 కిలోమీటర్ల వేగమున దూసికొనివచ్చుచున్న హైడ్రోజను బాహువును ఎట్లు చూచిరో, గార్ట్ వెస్టర్‌హౌట్ సర్వే చేసి 82 జనకస్థానముల పట్టికను ఎట్లు కూర్చెనో, సిడ్నీ పాసీయు లైడెన్ వెస్టర్‌హౌట్‌యు ఒకే ఉపసంఘమున కూర్చుండి ఆ ఒకటిన్నర డిగ్రీల వింతను తీర్చుటకై 1958 మాస్కో మహాసభ అనుమతితో ఆకాశగంగ మధ్యరేఖనే ఎట్లు మార్చి గీసిరో వచ్చు భాగమున వివరింతును.